ఆరంబాక్కం దాటితే ఆగిపోయే కాగితం



సూళ్లూరుపేట నుంచి చెన్నై వైపు పోయే లోకల్ రైలు అక్కంపేట దాటి తడలో ఆగుతుంది. ఆ తర్వాతి స్టేషను ఆరంబాక్కం. ఈ రెంటి మధ్య రాష్ట్రం మారుతుంది. రైల్లో ఉన్నవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. పక్కనే జాతీయ రహదారి మీద పోయే లారీ డ్రైవరుకీ పట్టింపు లేదు. గూడూరులో తీసుకున్న లైసెన్సు గుమ్మిడిపూండిలోనూ చెల్లుతుంది, గువాహటిలోనూ చెల్లుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం పదమూడో సెక్షను ఆ మాట సూటిగా చెప్పేసింది: డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుబాటు.

అదే రైల్లో ఒక నర్సమ్మ ప్రయాణం చేస్తోందనుకోండి. ఆమె రిజిస్ట్రేషను మాత్రం తడకీ ఆరంబాక్కానికీ మధ్య ఎక్కడో ఆగిపోతుంది. నలభై టన్నుల లారీని అర్ధరాత్రి హైవే మీద నడిపేవాడి కాగితాన్ని ఏ ప్రశ్నా లేకుండా నమ్మేస్తాం. నరానికి సూది వేసే చేతికి మాత్రం సరిహద్దు దాటగానే కొత్త కాగితం అడుగుతాం. అడగడం తప్పని నేను అనను. అడిగితే ఎవరికెంత ఖర్చు, అడక్కుండా వదిలేస్తే ఎవరికెంత ఖర్చు, ఈ లెక్క ఒకసారి వేసి చూద్దామని ఈ పూట మీ ముందుకొచ్చాను.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. తడ పక్కన పల్లె. చెన్నైలో బీఎస్సీ నర్సింగ్ చదివింది. ఇందులో వింతేం లేదు, ఇక్కణ్ణించి తిరుపతి కంటే చెన్నై దగ్గర. చదివింది అక్కడ కాబట్టి తమిళనాడు కౌన్సిల్లో రిజిస్టరయింది, అక్కడే కొన్నేళ్లు వార్డుల్లో పనిచేసింది. పెళ్లయి నాయుడుపేటకి వచ్చింది. ఇప్పుడిక్కడ ఉద్యోగంలో చేరాలంటే ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరుండాలి. అక్కడ పేరెక్కాలంటే ముందు తమిళనాడు కౌన్సిల్ ఎన్ఓసీ ఇవ్వాలి. ఈమె మా దగ్గర రిజిస్టరయిన మనిషే, మీ దగ్గరికి రావడానికి మాకు అభ్యంతరం లేదు అని. దానికి ఫీజు. ఇక్కడ రిజిస్ట్రేషనుకి మళ్లీ ఫీజు. టెన్త్ మార్కుల లిస్టు, ప్లస్ టూ మార్కుల లిస్టు, నాలుగేళ్ల మెమోలు, డిగ్రీ, పాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఫొటోలు, గెజిటెడ్ ఆఫీసరు సంతకాలు.

ఇంతవరకు బాగానే ఉంటుంది. చిక్కు పేరు దగ్గర వస్తుంది. తమిళనాట చదివింది కనుక సర్టిఫికెట్లలో ఆమె పేరు ముందు తండ్రి పేరులోని తొలి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఆధార్లో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక చేర్పించిన రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు. మనిషి ఒకతే, కాగితాల మీద ముగ్గురు. కౌంటరు వెనకాల కూర్చున్న గుమాస్తాను తిట్టుకుని లాభం లేదు. రేపు ఆడిట్లో అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. "అమ్మణ్ణీ, ఈ మూడు పేర్లూ నీవేనని నోటరీ అఫిడవిట్ ఒకటి పట్టుకురా" అంటాడు. నోటరీ ఖర్చు తక్కువే. కౌన్సిల్ ఆఫీసు ఉన్నది విజయవాడలో, తడకి దగ్గర దగ్గర నాలుగు వందల కిలోమీటర్లు. చంటిబిడ్డను అమ్మ దగ్గర వదిలి, రాత్రి రైలెక్కి, పొద్దున ఆఫీసు తెరిచే వేళకి చేరి, ఆ ఒక్క కాగితం కోసం మళ్లీ వెనక్కి రావడం ఎంత ఖర్చో నోటరీ రసీదులో రాయరు.

ఈలోపు ఆమె ఖాళీగా కూర్చోదు. ఊళ్లో చిన్న నర్సింగ్ హోములో చేరుతుంది. "రిజిస్ట్రేషన్ వచ్చాక పూర్తి జీతం చూద్దాంలేమ్మా" అంటారు. పని పూర్తి నర్సు పని, జీతం మాత్రం ఆయమ్మ జీతానికి కాస్త పైన. కాగితం ఎంత ఆలస్యమైతే యజమానికి అంత మిగులు. లైసెన్సు రోగిని కాపాడడానికి పెట్టినది. ఇక్కడ ఆ లైసెన్సు లేకపోవడం రోగిని ఏమీ కాపాడటంలేదు, అదే చెయ్యి అదే సూది వేస్తూనే ఉంది. జీతం తగ్గించడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

మన ప్రాంతం చరిత్ర ఒకసారి చూస్తే ఈ సరిహద్దు సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. 1953 అక్టోబరు 1 దాకా తడ మద్రాసు రాష్ట్రంలోదే. అప్పుడు నర్సులకి 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం. డాక్టర్లకి 1914 నాటి మద్రాసు చట్టం. రిజిస్టరు ఒకటే, ఆఫీసు మద్రాసులోనే. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక తడ ఇటు వచ్చింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదా మీద వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతంలో ఊళ్లు చెంగల్పట్టు జిల్లా నుంచి ఇటు వచ్చాయి. ఈరోజు మనం గొప్పగా చెప్పుకునే శ్రీసిటీ పారిశ్రామికవాడ నేలలో కొంత 1960 మార్చి 31 రాత్రి దాకా మద్రాసు రాష్ట్రమే. అక్కడున్న ఆరెంపీనో మంత్రసానో పొద్దున లేచేసరికి ఏమీ మరిచిపోలేదు, కొత్తగా ఏమీ నేర్చుకోనూ లేదు.

అంత వెనక్కి పోవడం దేనికి, 2014 జూన్ 2 మనలో చాలామందికి గుర్తుంది. ముందురోజు దాకా హైదరాబాదులో ఒకటే మెడికల్ కౌన్సిల్, ఒకటే నర్సింగ్ కౌన్సిల్. ఆ తర్వాత రెండేసి. మన జిల్లాల్లో చదివి హైదరాబాదు ఆస్పత్రుల్లో పనిచేస్తున్న ఎంతోమందికి వాళ్ల చేతిలో ఉన్న సర్టిఫికెట్ ఉన్నపళంగా పక్క రాష్ట్రం కాగితమైపోయింది. చదువు మారలేదు, సిలబస్ మారలేదు, కాలేజీ తనిఖీ చేసిన సంస్థ కూడా మారలేదు. అయినా మార్పిడి ఫారాలు నింపవలసి వచ్చింది.

డాక్టర్ల సంగతి చట్టంలో కాస్త నయం. 1956 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టం, భారత వైద్య రిజిస్టర్లో పేరున్న డాక్టరు దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేయవచ్చని చెప్పింది. ఆచరణలో రాష్ట్ర కౌన్సిళ్లు మా దగ్గరా నమోదు చేసుకోండి, పాత చోటు నుంచి ఎన్ఓసీ తెండి అంటూనే వచ్చాయి. వకీళ్ల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1961 అడ్వకేట్ల చట్టం ముప్పయ్యో సెక్షను, అడ్వకేటుకి దేశమంతటా ప్రాక్టీసు చేసే హక్కుంది అంటుంది. ఆ సెక్షను అమల్లోకి వచ్చిన తేదీ ఏదో తెలుసా? 2011 జూన్ 15. చట్టం చేసిన యాభై ఏళ్లకి! అదే చట్టంలో పద్దెనిమిదో సెక్షను, ఒక రాష్ట్ర బార్ కౌన్సిల్ నుంచి ఇంకో దానికి పేరు మార్చుకోవడానికి ఫీజేమీ తీసుకోకూడదని రాసిపెట్టింది. ఉచితం అన్న మాట చట్టంలో కనిపించిన చోటల్లా జేబు ఒకసారి తడుముకోవడం మనకు అలవాటే.

ఇదంతా విని, సరే, గుర్తించేస్తే పోతుంది కదా, దానికింత రాద్ధాంతమెందుకు అనిపిస్తుంది. నాకూ అనిపించేది. అయితే గుర్తించడమూ ఊరికే రాదు. దాని ఖర్చు వేరే చోట పడుతుంది.

మన వైపు నుంచే ఒక ఉదాహరణ చెబుతాను, వినడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా. 2015 ప్రాంతంలో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. కిరుబాకరన్ ముందు న్యాయవిద్య వ్యవహారం గట్టిగా నడిచింది. తమిళనాడు నుంచి కొందరు ఆంధ్ర, కర్ణాటక లా కాలేజీల్లో పేరుకు చేరి, క్లాసు మొహం చూడకుండా డిగ్రీ తెచ్చుకుని, చెన్నైలో నల్లకోటు వేసుకుంటున్నారన్నది ఆక్షేపణ. లెటర్‌ప్యాడ్ కాలేజీలు అన్న మాట అప్పుడు బాగా వినిపించింది. అంటే కాలేజీ ఉండేది లెటర్‌ప్యాడ్ మీద మాత్రమే అని. సరిహద్దుకు ఇటువైపున్న మనకి అది రుచించని మాట. అన్ని కాలేజీలనూ ఒకే గాట కట్టడం అన్యాయమే. కానీ వాదనలోని అసలు పట్టు కాదనలేం. పక్కవాడి కాగితాన్ని గుర్తించడమంటే పక్కవాడి పరీక్షనీ, హాజరు పట్టీనీ, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నిజాయితీనీ మొత్తంగా నమ్మడం. ఎక్కడ సులువైతే అక్కడ కాగితం తీసుకుని, ఎక్కడ సంపాదన ఉంటే అక్కడికి పోయే వీలు ఏర్పడుతుంది. సులువుగా ఇచ్చిన చోటుకి ఫీజు దక్కుతుంది, దాని ఫలితం ఇంకోచోట కక్షిదారు అనుభవిస్తాడు.

ఇంతకంటే బరువైన ఉదాహరణ ఐరోపాలో జరిగింది. అక్కడి దేశాలు ఒకరి డాక్టర్లను ఒకరు గుర్తించాలని 2005లో ఉమ్మడి నిబంధన తెచ్చుకున్నాయి. 2008 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి ఒక డాక్టరు వారాంతపు డ్యూటీ కోసం ఇంగ్లండుకి వచ్చాడు. అదే అతని తొలి డ్యూటీ. కిడ్నీలో రాయి నొప్పితో ఉన్న ఓ పెద్దాయనకి మార్ఫిన్ జాతి మందును పది రెట్ల మోతాదులో ఇచ్చాడు. మనిషి పోయాడు. ఉమ్మడి గుర్తింపు నిబంధన వల్ల, ఐరోపా దేశాల డాక్టర్లకి ఇంగ్లీషు వచ్చా లేదా అని పరీక్షించే అధికారం అప్పట్లో బ్రిటన్ మెడికల్ కౌన్సిలుకి లేదు. 2014లో గానీ ఆ అధికారం రాలేదు. నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆ తర్వాత జరిగింది. 2010లో బ్రిటన్ అతని పేరును రిజిస్టరు నుంచి కొట్టేసింది. జర్మనీలో మాత్రం అతని ప్రాక్టీసు సాగింది. అర్హత కాగితం సముద్రం దాటి రాగలిగింది, శిక్ష కాగితం తిరిగి దాటలేకపోయింది.

నా దృష్టిలో ఈ వ్యవహారంలో అసలు ఖర్చు ఇక్కడే ఉంది. అర్హతను గుర్తించడానికి ఒక జీవో చాలు. ఫిర్యాదును సరిహద్దు దాటించడానికి మాత్రం డబ్బు కావాలి, మనుషులు కావాలి, కంప్యూటర్లు కావాలి, అన్నిటికంటే ముందు ఒక ఆఫీసు ఉత్తరానికి ఇంకో ఆఫీసు జవాబు రాసే అలవాటు కావాలి.

మన దగ్గరే చూడండి. విజయవాడ రిజిస్టర్లో ఉన్న నర్సు గుమ్మిడిపూండి ఆస్పత్రిలో పనిచేస్తోందనుకోండి, చెన్నై కౌన్సిల్లో నమోదు లేకుండానే. ఇంజక్షను తప్పింది, రోగి చెయ్యి వాచిపోయింది. ఆ రోగి ఫిర్యాదు ఎవరికివ్వాలి? చెన్నై కౌన్సిలేమో ఆమె మా రిజిస్టర్లో లేదంటుంది. విజయవాడ కౌన్సిలేమో సంఘటన మా రాష్ట్రంలో జరగలేదు, సాక్షులు అక్కడ, కేసు షీటు అక్కడ, అదీ తమిళంలో అంటుంది. రోగి కూలిపనికి పోయే మనిషి. అతను నాలుగు వందల కిలోమీటర్లు వచ్చి విచారణలో కూర్చోడు. ఇందాక ఆ అమ్మాయి ఎక్కిన రాత్రి రైలే ఇప్పుడు రోగి ఎక్కాలన్నమాట. ఒకరి ఖర్చు తగ్గించబోయి ఇంకొకరి నెత్తిన పెట్టినట్టవుతుంది, ఆ రెండో మనిషి జబ్బు మనిషి కూడా.

డాక్టర్ల విషయంలో 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి రెండు మంచి మాటలు రాసింది. ఫిర్యాదు మీద ఆరు నెలల్లోగా నిర్ణయం తీసుకోవాలనీ, రిజిస్టరు నుంచి పేరు తీసేస్తే ఆ సంగతి పత్రికల్లో, వైద్య సంఘాల ప్రచురణల్లో బాగా ప్రకటించాలనీ. పత్రికలో ప్రకటన! తెనాలిలో పేరు కొట్టేసిన డాక్టరు తిరువళ్ళూరులో బోర్డు కడితే, తెలుగు పేపర్లో వచ్చిన ప్రకటన అక్కడ ఎవరు చదవాలి?

అమెరికా వాళ్లు ఈ దెబ్బ ముందే తిన్నారు. అక్కడా లైసెన్సులు రాష్ట్రం రాష్ట్రానికీ వేరే. ఒకచోట చెడ్డపేరు తెచ్చుకున్న డాక్టరు ఇంకో రాష్ట్రానికి పోయి బోర్డు కట్టడం ఎక్కువైపోయేసరికి 1986లో చట్టం చేసి, 1990 నుంచి ఒక జాతీయ డేటా బ్యాంకు నడుపుతున్నారు. డాక్టరు మీద తీసుకున్న చర్యలు, చెల్లించిన నష్టపరిహారాలు అందులో చేరతాయి. కొత్తగా తీసుకునే ఆస్పత్రి అందులో చూడాలి. నర్సులకి ఉమ్మడి లైసెన్సు ఒప్పందం అక్కడ 2000లో మొదలైంది, ఇప్పుడు నలభైకి పైగా రాష్ట్రాలు అందులో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇంకా చేరలేదు. పెద్ద రాష్ట్రాలు తమ రిజిస్టరు మీద పట్టు వదులుకోవడం అంత తేలిక కాదు మరి. 2019లో ఆరిజోనా ఇంకో అడుగు ముందుకేసి, ఏ రాష్ట్రంలోనైనా కనీసం ఏడాది లైసెన్సు ఉండి, శిక్షలేమీ లేనివాళ్లు మా రాష్ట్రానికి వచ్చి స్థిరపడితే చాలావరకు వృత్తుల్లో గుర్తిస్తామంది. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు డాక్టర్లను అడగండి, వాళ్లకీ ఈ బాధ తెలుసు. డాక్టర్లకీ రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది గానీ దాని దారి వేరు. దరఖాస్తు త్వరగా తెములుతుంది, అంతే. ఒప్పందం ఫీజు 700 డాలర్లు, ఆపైన ఏ రాష్ట్రం లైసెన్సు ఫీజు ఆ రాష్ట్రానికి విడిగా కట్టాల్సిందే.

ఫీజు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కౌన్సిళ్లు ఎక్కువగా బతికేది సభ్యుల ఫీజుల మీదే. కొత్త రిజిస్ట్రేషను, రెన్యువలు, ఎన్ఓసీ, అన్నీ కలిస్తేనే అద్దె, జీతాలు, విచారణ ఖర్చులు. పక్క రాష్ట్రం కాగితాన్ని ఊరికే గుర్తించాలంటే ఆ ఆదాయంలో గండి పడుతుంది. వద్దు అనడానికి వాళ్లు చెప్పే కారణాల్లో ఈ కారణం మాత్రం వినపడదు. బార్ కౌన్సిళ్ల ఉదాహరణ కళ్లెదుటే ఉంది. చట్టం ప్రకారం వకీలు ఎన్‌రోల్‌మెంటుకి మామూలు అభ్యర్థికి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. కౌన్సిళ్లేమో రకరకాల పద్దుల కింద పదిహేను వేల నుంచి నలభై వేల దాకా వసూలు చేస్తూ వచ్చాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టంలో రాసినదానికి మించి తీసుకోకూడదని తీర్పు చెప్పింది. తీర్పు సబబే. మరి విచారణలు జరిపించే డబ్బు ఎక్కణ్ణించి రావాలి అన్న ప్రశ్న అలాగే నిలిచింది. ప్రభుత్వం ఇస్తుందా? అప్పుడు అది మనందరి పన్ను. నాకు అభ్యంతరం లేదు. రోగిని కాపాడే పని అయినప్పుడు ఆ ఖర్చు రేపు రోగి కాబోయే మనందరమూ పెట్టుకోవాల్సిందే గానీ, ఉద్యోగం వెతుక్కునే పిల్ల ఒక్కతే మోయడం ఏం న్యాయం?

ఇక శ్రీసిటీ వైపు ఒక చూపు. ఫ్యాక్టరీ వైరింగు పని రాష్ట్రం లైసెన్సిచ్చిన కాంట్రాక్టరే చేయించాలి, చేసేవాళ్ల చేతిలో పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ గురించి 1956 నాటి కరెంటు నిబంధనల నుంచీ ఒక చక్కని మాట నడుస్తోంది: రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన, లేదా గుర్తించిన పర్మిట్. ఆ 'గుర్తించిన' అన్న మాటతో తలుపు సగం తెరిచే ఉంది. పూర్తిగా తెరవాలా వద్దా అన్నదగ్గర మన కుర్రాళ్ల గుండె కొట్టుకుంటుంది. అటునుంచి వైర్‌మన్లు వచ్చేస్తే ఇక్కడి ఐటీఐ పిల్లల గతేమిటి? ఈ భయం నుంచే 2019లో మన అసెంబ్లీ పరిశ్రమల్లో డెబ్బయి అయిదు శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. తడలో ఈ 'స్థానికులకే' అన్న వాదన వినేటప్పుడు నాకొకటి తడుతుంది. పొద్దున షిఫ్టుకి ఇటునుంచి గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడకి పోయే పిల్లలూ మనవాళ్లే. తలుపు వేస్తే రెండు వైపులా పడుతుంది. పైగా హై టెన్షను ప్యానెల్ దగ్గర నిలబడ్డ మనిషి ఏ ఊరివాడన్నది కరెంటు అడగదు, ఎర్తింగ్ సరిగ్గా ఇచ్చాడా లేదా అన్నదే దానికి కావలసింది. ఉద్యోగాల భయానికి జవాబు ఉద్యోగాల విధానంలో వెతకాలి, భద్రత పేరుతో పెట్టిన పర్మిట్లో దాచిపెట్టకూడదు.

ఇప్పుడు ఢిల్లీ వైపు నుంచి గాలి మారుతోంది. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టుల వంటి వాళ్లకోసం 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్ కమిషన్ చట్టం చేశారు. ఆన్‌లైన్లో ఎప్పటికప్పుడు మారుతూ ఉండే జాతీయ రిజిస్టరు ఉండాలని అందులో ఉంది. డాక్టర్లకి జాతీయ రిజిస్టరు పోర్టల్ 2024 ఆగస్టులో తెరిచారు. మంచిదే. అయితే ఆ రిజిస్టర్లో ఏ గడులు పెడతారన్నదాని మీదే అంతా ఉంది. పేరు, డిగ్రీ, నంబరు మాత్రమే ఉంటే అది పెద్ద టెలిఫోన్ డైరెక్టరీ. ఫలానా రాష్ట్రంలో ఫిర్యాదు నడుస్తోంది, ఫలానా తేదీ నుంచి సస్పెన్షన్, ఫలానా తేదీన తీసేశారు అన్న గడి కూడా ఉంటే, దాన్ని తడ ఆస్పత్రి మేనేజరూ ఆరంబాక్కం మేనేజరూ ఒక్క నిమిషంలో చూడగలిగితే, ఎన్ఓసీ అవసరమే పోతుంది. డ్రైవింగ్ లైసెన్సులకి జరిగింది ఇదే. లైసెన్సు దేశమంతా చెల్లుతుందని సెక్షను 1988లోనే అన్నా, ఒకే మనిషి రెండు రాష్ట్రాల్లో రెండు లైసెన్సులు పెట్టుకుని ఒకటి రద్దయితే ఇంకోటి తీసే వేషాలు, లైసెన్సుల వివరాలన్నీ రవాణా శాఖ వారి సారథి కంప్యూటర్లోకి ఎక్కేదాకా పట్టుకోవడం కష్టమయ్యేది.

దానితోపాటు ఇంకొకటి అడగాలి. తప్పు ఎక్కడ జరిగితే ఫిర్యాదు అక్కడే తీసుకోవాలి. గుమ్మిడిపూండి రోగి చెన్నైలో, తమిళంలో ఇచ్చిన ఫిర్యాదును చెన్నై కౌన్సిలే విచారించాలి, ఆ నిర్ణయం విజయవాడ రిజిస్టరు మీదా పడాలి. సూళ్లూరుపేట రోగి తెలుగులో ఇచ్చిన ఫిర్యాదుకీ అదే వరస. ఇది రాసుకోకుండా గుర్తింపు ఒక్కటే ఇచ్చేస్తే, లాభం ఆస్పత్రి యజమానులది, నష్టం మంచం మీద పడుకున్నవాడిది.

అంతదాకా, తమిళనాట చదివి ఇటు రావాలనుకునే అమ్మాయిలకి నా మాట: అక్కడ ఉద్యోగంలో ఉండగానే ఎన్ఓసీకి దరఖాస్తు పెట్టుకోండి, రాజీనామా చేశాక కాదు. పెళ్లికి ముందే పదో తరగతి సర్టిఫికెట్లో పేరెలా ఉందో ఆధార్లో అలాగే దిద్దించుకోండి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోటా రసీదు అడిగి తీసుకోండి. ఈ మధ్యలో ఏ నర్సింగ్ హోమైనా కాగితం రాలేదు కదా అని సగం జీతానికి పూర్తి డ్యూటీ వేయబోతే, కాగితం లేకుండా డ్యూటీ ఎలా వేస్తున్నారని ఎదురడగండి.